కిందూరి మీద పైవూరు

నమోదు 1
ముంపు తర్వాత 38వ ఏడు, వైశాఖ శుద్ధ తదియ. దక్షిణపు గాలి. పోటు. గుండు లోతు 4.60 మీటర్లు.

కాఫీకి ముందు గుండు దింపాను. టక్ మంది. "అమ్మా, లేచావా?" అన్నాను. జవాబు రాదని తెలుసు. అయినా అడక్కపోతే ఆ రోజు కాఫీ సయించదు.

నా తెప్పింటి వంటగదిలో, పొయ్యి పక్కన, చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉంది. అందులోంచి దారం కట్టిన ఇత్తడి గుండు వదిలితే సరిగ్గా మా ఇంటి వీధి మెట్టు మీద ఆగుతుంది. మా ఇల్లంటే కిందూరిలో ఇల్లు. ముంపుకు ముందు అందరం అక్కడే ఉండేవాళ్ళం. ఇప్పుడది నీటి అడుగున ఉంది, మేం దాని మీద తెప్పలు కట్టుకుని ఉన్నాం. దీన్ని పైవూరు అంటున్నాం. ఎవరి పాత స్థలం మీద వాళ్ళే లంగరు వేసుకోవాలన్నది మొదటి రోజు నుంచీ ఉన్న నిబంధన.

ఈవేళ టపా పడవ నగరం నుంచి ఉత్తరం తెచ్చింది. స్థలాల పంపకం, ఇళ్ళ వరసలు, హద్దులకు సంబంధించిన మా నిబంధనల పుస్తకానికి కాలం చెల్లిందట. అరవై నాలుగు నిబంధనల్లో ప్రతిదాని పక్కనా "ఉంచాలి", "మార్చాలి", "కొట్టేయాలి" అని మూడింట్లో ఒక మాట రాసి, కొత్త పటంతో సహా నలభై రోజుల్లో పంపాలట. పని నాకే తగులుకుంది. ఊళ్ళో పాత కొలతల పుస్తకం చదవగలిగిన సర్వేయరుని నేనొక్కదాన్నే. పదవీ విరమణ వయసు దాటి మూడేళ్ళయింది, ఆ మాట మాత్రం ఎవరికీ గుర్తు రావడం లేదు.

నమోదు 2
శుద్ధ సప్తమి. ఎండ. మంచు పట్టే వలల్లో తాగునీరు సగమే పడింది. గుండు లోతు 4.45.

ఈ పుస్తకం రాసిన మహానుభావులు నేల మీద ఉన్నప్పటి పంచాయతీ నిబంధనల్ని ఉన్నవున్నట్టు ఎక్కించేశారు. "రోడ్డు" ఉన్నచోట "జలమార్గం" అని కూడా మార్చలేదు. నిబంధన 31: గడ్డివాము వంటింటికి ముప్పై అడుగుల దూరంలో వేయాలి. నిబంధన 36: రెండెడ్ల బండి వెనక్కి తిరగడానికి వీధి చివర జాగా వదలాలి. నిబంధన 40: ఒకరి గట్టు మీది చెట్టు నీడ ఇంకొకరి చేలో పడరాదు.

"కొట్టేయాలి" అని రాయడానికి ఒక్క నిమిషం చాలు. నాకు రోజంతా పట్టింది. గడ్డివాము దగ్గర ఆగిపోయాను. చలికాలం పొద్దున్న దానికి ఎండ పడే వైపు వీపు ఆనించుకుని కూర్చుంటే గడ్డి లోపల్నించి వెచ్చగా ఉండేది. కుక్క కూడా వచ్చి అక్కడే పడుకునేది. కొత్త గడ్డి వాసన మా తెప్పల మీద పుట్టినవాళ్ళకి ఎలా చెప్పను? ఇక్కడ వాసనలన్నీ నాచువే. నీడ తగాదాల సంగతి సరేసరి. నీడ మీద కూడా పోట్లాడుకున్నామంటే ఎన్ని చెట్లుండేవో!

నిబంధన 23 చూసి నవ్వొచ్చింది. అన్నదమ్ములు స్థలం విడగొట్టుకున్నప్పుడు పంచినవాడు చివర ఎంచుకోవాలి. అది నిబంధన కాదు, మా వైపు అలవాటు. పెద్దాడు గీత గీస్తాడు, చిన్నాడు ముందు కోరుకుంటాడు. గీసేవాడికి బుద్ధి సరిగ్గా ఉండటానికి అంతకంటే మందు లేదు. ఇప్పుడెవరూ పంచుకునేది లేదు కాబట్టి "కొట్టేయాలి" అనుకున్నాను, మనసొప్పక ఖాళీ వదిలేశాను.

నమోదు 3
శుద్ధ నవమి. గాలి లేదు. గుండు లోతు 4.52.

పంచాయతీ బల్లకట్టు మీద సమావేశం. అధ్యక్షులు కలిదిండి నరసరాజుగారు. ఆయన పూర్వీకులకి కిందూరిలో ఎనభై ఎకరాలుండేవి కాబట్టి, ఇప్పుడాయనకి ఎనభై ఎకరాల నీళ్ళున్నాయి. ఒక తెప్ప, మిగతాదంతా తాళ్ళు కట్టిన ఖాళీ నీరు. అందులో ఎవరైనా వల వేస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి కేకలేస్తారు.

"విశాలాక్షిగారూ, గడ్డివాములూ పేడదిబ్బలూ మీ ఇష్టవండీ, ఏది కావాలంటే అది కొట్టేయండి," అన్నారాయన. "నాలుగో నిబంధన ముట్టుకోకండి. పదకొండో నిబంధన మాత్రం ఈసారి అమలు చేసెయ్యాలండి. నగరంవాళ్ళు పటంలో ఒక్క ఆక్రమణ కూడా ఉండకూడదన్నారు కదా."

నాలుగు అంటే ఎవరి పాత స్థలం మీద వారు. పదకొండు అంటే రోడ్డు, కాలవ గట్టు, పోరంబోకుల మీద ఎవరూ తెప్ప కట్టరాదు. కిందూరి రోడ్డు మీద పంతొమ్మిది తెప్పలున్నాయి. మేం దాన్ని రోడ్డు వరస అంటాం. కింద సెంటు భూమి లేనివాళ్ళు పైన మాత్రం ఎక్కడుంటారు? అలా ముప్పై ఎనిమిదేళ్ళుగా చూసీచూడనట్టు ఊరుకున్నాం. ఇప్పుడు వాళ్ళని, కెరటాల్ని ఆపే అలల కట్ట అవతలికి పంపాలట. నిరుటి తుపానులో కట్ట అవతల ఉన్న రెండు తెప్పలు మళ్ళీ కనబడలేదు.

నేను కాదనలేదు. నిజం రాసుకోవాలి కదా, నాలుగో నిబంధన పోతే నా గుండు పోతుందని భయం. ఎవరు ఎక్కడైనా ఉండొచ్చంటే రేపు ఎవరో వచ్చి మా అమ్మ మెట్టు మీద లంగరు వేస్తారు.

నమోదు 4
శుద్ధ ద్వాదశి. పోటు. గుండు లోతు 4.63.

పోలిపల్లి నూకరత్నం వచ్చింది. రోడ్డు వరసలో సరిగ్గా నా ఎదురు తెప్ప ఆమెది. పీతలు పెంచుతుంది. బుట్టెడు పీతలు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"ఇవి ఎందుకు? పనికోసమైతే తీసుకుపో," అన్నాను.

"పనికోసవే అయితే రొయ్యలు తెద్దునండి," అంది. "ఎదురింటోళ్ళకి ఇచ్చుకోకూడదేంటండీ?" ఆ తర్వాత చాపమీద కూర్చుంది. "మా పక్క తెప్పలో ఉన్న మా పిల్లకి ఏడో నెలండి. కట్ట అవతల కెరటం ఎలాగుంటదో మీకు తెల్దా? ఆ ఊపుకి నిండు గర్భిణి నిలబడగలదేంటండి?"

"నేనేం చెయ్యను నూకరత్నం? పుస్తకంలో ఉన్నది అది."

"కిందూర్లో మాకు సెంటు భూవి లేదండి. నీళ్ళొచ్చాకన్నా అందరం సమానవైపోతావనుకున్నాడండి మా అయ్య. తవరొచ్చి నీళ్ళక్కూడా సర్వే నంబర్లు ఏసేశారు."

నాకు కోపం వచ్చింది. తగిలిన మాటకే కదా కోపం వచ్చేది. "నేను వేసిందేం లేదు, దిబ్బ మీది సర్వే రాయి నుంచి కొలిచాను, అంతే," అన్నాను. ఆమె లేచి చీర దులుపుకుంది. వెళ్తూ వెళ్తూ, "పోనీ ఆ ఈశాన్నం మూల గొయ్యన్నా మీ పటంలో ఉందేమో చూడండి. అక్కడ మా లంగరు ఎప్పుడూ పట్టదండి, తాడు ఎంత వదిలినా దిగిపోద్ది. పీతలు మాత్రం అక్కడే పడతాయి," అంది.

రోడ్డు మధ్యలో గొయ్యేమిటి? పంచాయతీ రోడ్డు కాబట్టి ఉండే ఉంటుందిలే అనుకున్నాను.

నమోదు 5
బహుళ విదియ. మబ్బు. గుండు లోతు 4.41. ఈ నమోదు రాయడానికి రెండు రోజులు పట్టింది.

కొత్త పటానికి మూలరాయిని తనిఖీ చేసి ఫొటో పంపాలన్నది నగరంవాళ్ళ షరతు. మూలరాయి దిబ్బ మీద ఉంది. కిందూరిలో మునగకుండా మిగిలింది ఆ దిబ్బ ఒక్కటే, అదీ సగమే. ముంపు రోజుల్లో జనమంతా టార్పాలిన్లు వేసుకుని తలదాచుకున్నది అక్కడే. నేను అప్పుడు నగరంలో సర్వే శిక్షణలో ఉన్నాను. ఆర్నెల్ల తర్వాత మా బృందం పడవలో వచ్చేసరికి దిబ్బ మీద సర్వే రాయి ఒకటి కనిపించింది. కొలతల పుస్తకంలో దిబ్బ తూర్పు మూలన ఒక రాయి ఉంది. దిబ్బ మీద ఒక రాయి దొరికింది. ఇంకేం కావాలి? దాని చుట్టూ సిమెంటు పోసి, దాని నుంచే ఊరంతా కొలిచాం. సంతకం నాది.

అప్పటికే జనం దానికి పసుపు పూసి బొట్టు పెట్టేశారు. నీళ్ళు సరిగ్గా ఆ రాయి దగ్గరికి వచ్చి ఆగాయట. అది హద్దులమ్మ అయిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ, నూనె. రాయి గుమ్మడికాయంత లావైంది. ఫొటోలో పైనున్న ప్లస్ గుర్తు కనబడాలి కాబట్టి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, వేణ్ణీళ్ళతో, కొబ్బరి పీచుతో కడగడం మొదలుపెట్టాను.

పసుపు పోయింది. ప్లస్ గుర్తు సగమే ఉంది. మిగతా సగం ఉన్నచోట చిన్న గుంట, నున్నగా, బొటనవేలు పట్టేంత. నా బొటనవేలు దానంతటదే అందులోకి వెళ్ళి కూర్చుంది.

ఆ గుంట నాకు తెలుసు. ప్రతి ఆదివారం మా అమ్మ అందులో కుంకుడుకాయ పెట్టి, ఇంకో రాయితో ఒక్క దెబ్బ వేసేది. గింజ ఎగిరి పెరట్లో ఎక్కడో పడేది, దాన్ని ఏరుకోవడం నా పని. తర్వాత నురుగు, కళ్ళ మంట, నా ఏడుపు, "కళ్ళు మూసుకోమన్నానా లేదా" అని అమ్మ మొట్టికాయ. ఆ బండని పెళ్ళైన కొత్తలో నాన్న చేలగట్టు మీద నుంచి పెరికి తెచ్చాడని అమ్మ గొప్పగా చెప్పేది. సర్వే రాళ్ళు పెరికినవాళ్ళకి నా ఉద్యోగంలో ఎన్ని జరిమానాలు వేశానో! మొదటి జరిమానా మా ఇంట్లోనే వేయాల్సింది.

దిబ్బ మీదికి అది ఎలా వచ్చిందో కూడా ఇప్పుడు అర్థమైంది. టార్పాలిన్ గాలికి ఎగరకుండా అమ్మ బరువు పెట్టుకుంది. ముంపు తర్వాత రెండో ఏట ఆసుపత్రిలో చివరి రోజుల్లో, "నా బండ దిబ్బ మీద వదిలేశాను, తెచ్చావా?" అని పదేపదే అడిగింది. ఊరే పోతే బండేమిటమ్మా అని విసుక్కున్నాను. మతి తప్పిందనుకున్నాను. అమ్మా, మతి తప్పింది నాకు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, పీచు చేత్తో పట్టుకుని.

నమోదు 6
అమావాస్య. పెద్ద పాటు. గుండు లోతు 3.88.

అమావాస్య పాటులో నీళ్ళు బాగా తీసినప్పుడు పాత కాలవ లాకుల ఇనుప చక్రం అరగంటసేపు పైకి కనబడుతుంది. దాన్ని ఎవరూ కుంకుడుకాయలు కొట్టుకోవడానికి పట్టుకెళ్ళలేరు. కొలతల తూనీగని, అదే మా సర్వే డ్రోనుని, ఎగరేసి, అక్కడి నుంచి మళ్ళీ కొలిచాను. మూడుసార్లు.

అసలు మూలరాయి దిబ్బ మునిగిన సగంలో ఉండిపోయింది, పైవూరు మొత్తం నలభై మూడు మీటర్లు పడమరకి జరిగి ఉంది. రెండు వందల పన్నెండు తెప్పల్లో ఒక్కటి కూడా తన స్థలం మీద లేదు.

మా ఇల్లు నా తెప్పకి నలభై మూడు మీటర్లు తూర్పున ఉంది. అంటే నూకరత్నం తెప్ప కింద. నా తెప్ప ఉన్నది మా పెరడు దాటాక వచ్చే కాలవ గట్టు మీద. పదకొండో నిబంధన ప్రకారం ఆక్రమణదారుని నేను.

ఈ సంగతి తెలిసినది నాకూ తూనీగకీ. తూనీగ అడిగితేగానీ చెప్పదు.

నమోదు 7
జ్యేష్ఠ శుద్ధ తదియ. గుండు లోతు రాయలేదు.

మూడు రోజులు గుండు దింపలేదు. ఎవరిని పలకరించను? ఈవేళ దాన్ని కొంగున మూటగట్టుకుని నూకరత్నం తెప్పకి వెళ్ళాను. "నీ ఈశాన్యం మూల చూపించు," అన్నాను. పీతల బుట్టలు జరిపి చోటిచ్చింది.

గుండు దిగింది. నాలుగు మీటర్ల దగ్గర ఆగలేదు. ఐదు, ఆరు, ఏడు. ఏడున్నర దగ్గర మెత్తగా ఆగింది. దారం పక్కకి ఊపితే గుండు గుండ్రంగా చుట్టూ తగిలింది. సిమెంటు ఒరలు. మా నుయ్యి. ఈ చేతుల్తో ఎన్ని చేదలు తోడానో ఆ నూతిలోంచి! తర్వాత నూకరత్నానికి అంతా చెప్పేశాను. మొదట చెప్పాల్సింది ఆమెకేననిపించింది.

ఆమె నా తెప్పకేసి చూసింది. "అయితే మీరున్న చోట ఏవుందండి?"

"కాలవ గట్టు. రేవు మెట్లు. నాకు తగిలేది ఆ మెట్టే."

"రేవు పక్కన గుడిసె మా మామ్మదండి," అంది నూకరత్నం. "ఎండాకాలం ఆ మెట్ల మీదే కూకుని ముంజలమ్మేది. మీరు బడికెళ్తా కొనుక్కోలేదేంటండీ?"

కొనుక్కున్నాను. తాటాకు దొన్నెలో, చల్లగా. ఆమె చేతులు గుర్తున్నాయి, ముంజ తీసే బొటనవేలు గుర్తుంది. పేరు గుర్తు లేదు. కిందూరిలో ప్రతి సర్వే నంబరూ నాకు కంఠతా వచ్చు. ఆమె పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. సిగ్గుతో తల దించుకుని అడిగాను.

"అప్పాయమ్మండి," అంది. అంతలోనే ఫక్కున నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ తవరు పొద్దున్నే లేపింది మా మామ్మనన్నవాట! పాపం, ఆవిడకి పెందలాడే లేవడం అస్సలు ఇష్టం లేదండి."

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వుతూనే కళ్ళు తడిశాయి.

నమోదు 8
శుద్ధ అష్టమి. ఈదురుగాలి. బల్లకట్టు మీద ఊరంతా.

చెప్పకుండా ఉందామని ఒక పూట అనుకున్న మాట నిజం. నూకరత్నానికి చెప్పాక ఆ దారి మూసుకుపోయింది. బహుశా అందుకే ముందు ఆమెకి చెప్పానేమో.

రాయి సంగతి చెప్పగానే నరసరాజుగారు లేచారు. "అమ్మోర్ని కడగడవేంటండీ! పైగా కుంకుడుకాయలు కొట్టుకున్న బండంటారా!"

"ఆ బండ మా అమ్మదండీ రాజుగారూ. అక్కణ్ణించి కొలిచింది నేను. తప్పు నాది. పదకొండో నిబంధన అమలు చేసేటట్టయితే ముందు నన్ను లేపండి, కాలవ గట్టు మీద ఉన్నాను."

"మరి నేను?" అన్నారాయన, గొంతు తగ్గించి.

పటం చూపించాను. "మీ భోజనాల సావిడి ఊరి శ్మశానం మీద ఉందండి."

ఆయన కూర్చున్నారు. భార్య ఆయన వైపు చూడకుండా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత గంటసేపు గోల. ఊరంతా లాగి తూర్పుకి జరుపుదామన్నారు ఒకరు. జరిపితే అలల కట్ట అడ్డొస్తుంది, ఇరవై తెప్పలకి చోటుండదు. రాజుగారి తెప్ప వాటిలో ఒకటి. ఎవరిని అవతలికి పంపాలో ఎవరూ అనలేకపోయారు.

నేను పుస్తకం తీశాను. "నాలుగు, కొట్టేయాలి. కిందూరు ఎవరిదీ కాదు. అందరిదీ. పైనున్న నీరు కట్ట లోపల ఇంటింటికీ ఒక వాటాగా పంచాలి." ముప్పై ఎనిమిదేళ్ళు పట్టుకున్న తాడు వదిలినట్టే ఉంది.

"పంచేదెవరండి?" అన్నారు రాజుగారు.

"అధ్యక్షులు మీరే కదండీ. మీరే గీతలు గీయండి."

ఆయన మొహం వికసించింది. అప్పుడు నిబంధన 23 చదివాను. పంచినవాడు చివర ఎంచుకోవాలి. ఖాళీ వదిలిన చోట అందరి ముందూ "ఉంచాలి" అని రాశాను. రోడ్డు వరసవాళ్ళలో ఎవరో ఈల వేశారు.

నమోదు 9
శుద్ధ ద్వాదశి. తేట ఆకాశం. పుస్తకం టపా పడవ ఎక్కింది.

రెండు వందల పన్నెండు వాటాలు. నా ఉద్యోగంలో అంత సమానంగా గీసిన గీతలు చూడలేదు. రాజుగారు నాలుగు రోజులు నిద్ర మాని గీశారు, జానెడు తేడా వస్తే చెరిపి మళ్ళీ గీశారు. చివరికి మిగిలిన వాటా తీసుకుని, "బాగానే ఉందండి," అన్నారు. బాగుండక చస్తుందా?

చిన్నవాళ్ళు ముందు ఎంచుకున్నారు. నూకరత్నం కూతురు కట్ట లోపల, గాలి తగలని మూల తీసుకుంది. నూకరత్నం ఉన్నచోటే ఉంటానంది. "మీ నూతి మీద పీతలు వదులుకోలేనండి. తవరు పొద్దున్నే రండి, మీ అమ్మగారిని పలకరించుకోండి. కాఫీ నేనిస్తాను." నేనూ ఉన్నచోటే ఉంటానన్నాను. ఇద్దరం ఒకరి పెద్దవాళ్ళ మీద ఒకరం కాపలా ఉన్నట్టుంది.

రాయిని దిబ్బ మీదే ఉంచాం. అమ్మవారిని కదిలించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కాకపోతే నిన్న నూకరత్నం కూతురికి తలంటడానికి అదే గుంటలో కుంకుడుకాయలు కొట్టాను. గింజ ఎగిరి నీళ్ళలో పడింది. అది చూసి ఇంకో ఇద్దరు కాయలు పట్టుకొచ్చారు. ఇక హద్దులమ్మకి మొక్కు కుంకుడుకాయలే అయ్యేట్టుంది. అమ్మ వింటే ఎంత నవ్వేదో.

ఈ ఉదయం కాఫీకి ముందు, పొయ్యి పక్క కంతలోంచి గుండు దింపాను. లోతు 4.57. టక్ మంది, రేవు మెట్టు మీద.

"అప్పాయమ్మా," అన్నాను, "ముంజలు లేతవేనా?"